హెవెన్స్-అబవ్: పాత రూపం, పక్కా లెక్క

రాత్రి ఆకాశంలో ఉపగ్రహాలను గుర్తించడానికి ఎన్నో యాప్‌లు వచ్చినప్పటికీ, ఎవరైనా అడిగితే నేను ముందుగా చెప్పేది క్రిస్ పీట్ రూపొందించిన హెవెన్స్-అబవ్ వెబ్‌సైటు పేరే. హంగులేమీ లేని ఆ పాతకాలపు పేజీలను చూసి వెనుదిరిగేవారు ఉంటారు గాని, అసలు విషయమంతా అందులోని పట్టికలోనే ఉంది.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం పేరు మీద నొక్కితే, అది రాబోయే 10 రోజుల్లో మన ఊరి మీదుగా ఎప్పుడెప్పుడు కనిపిస్తుందో, ఎంత ప్రకాశంతో ఉంటుందో, ఏ దిక్కున మొదలై ఎంత ఎత్తుకు చేరి ఎక్కడ ముగుస్తుందో సెకన్లతో సహా వస్తుంది. ప్రకాశం అంకె ఎంత తగ్గితే వెలుగు అంత ఎక్కువని గుర్తుంచుకోవాలి. అది మైనస్ 3 కన్నా తగ్గితే నగరం నడిబొడ్డున కూడా తేలిగ్గా కనిపిస్తుంది. గరిష్ఠ ఎత్తు 40 డిగ్రీలకు తక్కువైన రోజుల్లో భవనాలు అడ్డురావచ్చు కాబట్టి వాటిని వదిలేయడమే మేలు. ఇక్కడ ఎత్తు అంటే దిగంతం నుంచి కోణం; దాన్ని అంచనా వేయడానికి, చేయి చాచి పట్టిన పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు.

నాకు అన్నింటికన్నా నచ్చేది పట్టికలోని ముగింపు గడి. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ కేంద్రానికి సొంత వెలుగు లేదు. కింద మనకు చీకటి పడినా పైన దానిమీద ఎండ పడుతున్నంతసేపే కనిపిస్తుంది. అందుకే మన అక్షాంశాల్లో అది సాయంత్రం చీకటి పడ్డాక కాసేపు, తెల్లవారుజామున కాసేపు తప్ప నడిరాత్రి కనిపించదు. ముగింపు ఎత్తు 10 డిగ్రీలని ఉంటే దిగంతం దగ్గరి దాకా చూడవచ్చు. 45 అని ఉంటే నడిమధ్యలోనే భూమి నీడలోకి వెళ్లి మాయమవుతుందని అర్థం.

నాసా వారి స్పాట్ ద స్టేషన్ సేవ వాడటానికి ఇంతకన్నా సులువే గాని, అది అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి మాత్రమే పరిమితం. హెవెన్స్-అబవ్‌లో చైనా వారి తియాంగాంగ్ అంతరిక్ష కేంద్రం, స్టార్‌లింక్ ఇంటర్నెట్ ఉపగ్రహాల వరుసలు, ప్రకాశవంతమైన ఉపగ్రహాల రోజువారీ జాబితా కూడా ఉంటాయి. ఆ జాబితాలో హబుల్ టెలిస్కోపును వెతకడం మరవకండి: భూమధ్యరేఖతో దాని కక్ష్య వాలు 28.5 డిగ్రీలే కావడంతో లండన్ వాసులకు దక్కని ఆ దృశ్యం తెలుగు నేల మీద దాదాపు నడినెత్తిన దక్కుతుంది.

లోపాలు లేకపోలేదు. మన ఊరిని ముందే నమోదు చేయకపోతే సున్నా అక్షాంశం, సున్నా రేఖాంశానికి, అంటే ఆఫ్రికా పక్కన అట్లాంటిక్ సముద్రంలోని ఒక బిందువుకు లెక్కలు వస్తాయి. ఆకాశ పటంలో తూర్పు ఎడమవైపున ఉంటుంది. పటాన్ని తలపైకి ఎత్తి చూస్తేనే దిక్కులు సరిపోతాయని కొత్తవారికి తోచదు. కేంద్రం కక్ష్య ఎత్తును అప్పుడప్పుడు పెంచుతుంటారు కనుక వారం ముందు చూసిన సమయాన్ని ఆ రోజు మళ్లీ సరిచూసుకోవాలి. పైగా పట్టికకు మబ్బులతో పని లేదు: భారత వ్యోమగామి శుభాంశు శుక్లా కేంద్రంలో ఉన్న 2025 జూన్, జూలై నెలలు మనకు వానాకాలం కావడంతో, అందులోని సమయంతో పాటు వాతావరణ సూచననూ చూసుకుని మేడ ఎక్కవలసి వచ్చింది.