తుప్పలు కొట్టడానికి కొన్న బ్రష్ కట్టర్: రెండు వానాకాలాలు వాడాక

నాలుగేళ్లపాటు ఎవరూ అడుగు పెట్టని ఎకరం నేల ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. గేటు తీస్తే బావి దాకా కనిపించాల్సిన దారి మాయమైపోయింది. ముందు నడుమెత్తు గడ్డి, దాని వెనక లాంటానా డొంకలు, ఆ డొంకల్లోంచి పైకి లేచిన సర్కారు తుమ్మ. మనుషుల్ని పెట్టి ఓసారి కొట్టించాం, మూడు నెలలకల్లా మళ్లీ మామూలే. పక్క స్థలం వాళ్లు జేసీబీ పెట్టించారు, ఒక్క పూటలో నేల అద్దంలా అయింది. కానీ తుప్పలతోపాటు జానెడు పైమట్టి కూడా లేచిపోయి గట్టు పక్కకి చేరింది, గట్టి వాన రెండోసారి పడేసరికి నేల చారలు చారలుగా కోసుకుపోయింది, ఆ ఉత్త నేల మీద అన్నిటికన్నా ముందు మొలిచింది వయ్యారిభామ (పార్థీనియం) కలుపే. అది కళ్లారా చూశాక మా తమ్ముడూ నేనూ కలిసి బ్రష్ కట్టర్ కొన్నాం, అంటే పొడవాటి గొట్టం (షాఫ్టు) కొసన ఉండే హెడ్డుకి బ్లేడో తీగో తగిలించి తిప్పే మిషన్.

మాది 43 సీసీ టూ స్ట్రోక్ పెట్రోల్ మిషన్. బెల్టు భుజాలకి తగిలించుకుని, సైకిల్ హ్యాండిల్ లాంటి రెండు పిడులు పట్టుకుని అటూ ఇటూ ఊపే రకం. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పేది ఈ రకం మిషన్లు అన్నిటికీ పనికొస్తుంది. దాంతోపాటు నైలాన్ తీగ హెడ్డు, మూడు రెక్కల బ్లేడు, చుట్టూ పళ్లున్న గుండ్రటి బ్లేడు ఇచ్చారు. ఏది దేనికో తెలుసుకోకుండా వాడితే మిషన్ పనికిరాదని అనుకుంటారు, నేనూ మొదటి వారం అలాగే అనుకున్నాను. మెత్తటి గడ్డికి నైలాన్ తీగ, ముదిరిన గడ్డికీ రెల్లుకీ సన్న తుప్పలకీ మూడు రెక్కల బ్లేడు, బొటనవేలంత లావు కాండాలకి పళ్ల బ్లేడు. చేతి మణికట్టంత లావుంటే మాత్రం దీని జోలికి పోకుండా రంపం తీసుకోండి. నైలాన్ తీగ ఎండిపోయి పెళుసుగా విరుగుతుంటే ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

గడ్డి మీద ఈ మిషన్ నిజంగా అద్భుతం. ఇద్దరు మనుషులు కొడవళ్లతో రోజంతా కోసేంత గడ్డిని నేను పొద్దున్న ఎండెక్కకముందే కోసేశాను. లాంటానా దగ్గర ఓపిక కావాలి. డొంక మొదట్లో బ్లేడు పెడితే పైనున్న కొమ్మలన్నీ ఒక్కసారిగా మీదికి ఒరుగుతాయి, షాఫ్టుకి చుట్టుకుంటాయి. పైనుంచి కిందికి పొరలు పొరలుగా కొట్టుకుంటూ రావాలి. కొట్టిన లాంటానాని పశువులకి వేయొద్దు, అది వాటికి విషం. వయ్యారిభామని నైలాన్ తీగతో కొడితే రసం, ముక్కలు ఒంటి మీద చిందుతాయి. నాకు మోచేతుల దాకా దద్దుర్లు లేచి పది రోజులు బాధపడ్డాను. అప్పట్నుంచి ఫుల్ చేతుల చొక్కా, గ్లౌజులు, మాస్కు లేకుండా దాన్ని ముట్టుకోలేదు. అది పూత పట్టకముందే కొట్టాలి, మొలిచిన నెల, నెలన్నరకే పూతకి వస్తుంది, పూసి గింజ పట్టాక కొడితే మనమే ఎకరమంతా విత్తనం చల్లినట్టు.

భద్రత గురించి మిషన్‌తో ఇచ్చిన పుస్తకంలో రాసినవి చాలామంది చదవరు, నేను చదివాను కాబట్టే ఇవాళ ఇది రాస్తున్నాను. పని చేసే మనిషికి 15 మీటర్ల లోపల ఎవరూ ఉండకూడదని అందులో ఉంది. ఓ రోజు గట్టు పక్కన గడ్డి కోస్తుంటే, ఎప్పటిదో పాత కంచె తాలూకు ముళ్ల తీగ గడ్డిలో పడి ఉంది, పైకి కనపడలేదు. బ్లేడుకి తగలగానే కిర్రుమని తిరిగి హెడ్డుకి చుట్టుకుంది, రెండో కొస గాల్లోకి లేచి కొరడాలా తిరిగింది. యాక్సిలరేటర్ వెంటనే వదిలేశాను, అయినా బ్లేడు అక్కడికక్కడ ఆగదు, ఇంకొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. తీగ నా ప్యాంటు మీద మోకాలి కింద గీరింది, లోపల మందపాటి గార్డు ఉంది కాబట్టి చర్మం దాకా రాలేదు. మా తమ్ముడు దూరంగా మామిడి చెట్టు కింద నిలబడి ఉన్నాడు, పక్కనే ఉండుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె జల్లుమంటుంది. అందుకే ఇప్పుడు కోసే ముందు కర్రతో గడ్డిని కదుపుతూ ఆ జాగా అంతా ఒకసారి నడుస్తాం. తీగలు, రాళ్లు, సీసా పెంకులు ఏరేస్తాం, పాములేమైనా ఉంటే తప్పుకుని పోవడానికి టైమిస్తాం. పోయినసారి గడ్డి మొదట్లో నాలుగు గుడ్లున్న పిట్ట గూడు కనిపించింది, చుట్టూ రెండు బారల మేర వదిలేసి, పిల్లలు ఎగిరిపోయాక కోశాం.

ఇంకొకటి, బ్లేడు తిరిగే దిక్కు. పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిక్కులో తిరుగుతుంది, కాబట్టి కుడి నుంచి ఎడమకి ఊపుతూ బ్లేడు ఎడమ వైపుతో కోయాలి. బ్లేడు ముందువైపు కుడి అంచు గట్టి మొద్దుకి తగిలిందంటే మిషన్ మొత్తం చేతుల్లోంచి కుడి పక్కకి తన్నుకుపోతుంది. రెండు పిడులూ, బెల్టూ ఉండేది అందుకే. బెల్టు లేకుండా ఒంటి చేత్తో పట్టుకుని వాడేవాళ్లని చూస్తే భయం వేస్తుంది.

ఇక లోపాలు. బరువు ఎక్కువ, అరగంట దాటితే భుజాలు లాగేస్తాయి. అదురు వల్ల వేళ్లు తిమ్మిరెక్కుతాయి, ఆ తిమ్మిరిని తేలిగ్గా తీసుకోవద్దు, నేను ప్రతి ఇరవై నిమిషాలకీ దించేస్తాను. శబ్దానికి చెవులకి మఫ్ తప్పనిసరి. మిషన్‌తోపాటు వచ్చిన బెల్టు నాసిరకం, మెత్తటి ప్యాడ్ ఉన్నది వేరే కొనాల్సి వచ్చింది. షాఫ్టు కొసన బ్లేడుని తిప్పే గేర్ హెడ్డులో గ్రీజు ఎప్పుడు పెట్టాలో అమ్మినతను ఒక్క మాట చెప్పలేదు. దాదాపు ఇరవై, పాతిక గంటల పనికోసారి పెట్టాలి, లేకపోతే హెడ్డు వేడెక్కి అరిగిపోతుంది. పెట్రోల్లో కలిపే ఆయిల్ విషయంలో కూడా పుస్తకాన్నే నమ్మండి. మా మిషన్‌కి 25:1, అంటే లీటరు పెట్రోలుకి 40 మిల్లీ లీటర్ల టూ స్ట్రోక్ ఆయిల్. 50:1 అని రాసున్న మిషన్లకి అందులో సగం చాలు. కొలత లేకుండా ఉజ్జాయింపుగా పోస్తే తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువైతే పొగ, ప్లగ్గు మసిబారడం. మొదటి ఏడాది పని అయ్యాక ట్యాంకులో పెట్రోలు అలాగే వదిలేశాను. నాలుగు నెలల తర్వాత తాడు లాగి లాగి చెయ్యి పడిపోయింది గానీ స్టార్ట్ కాలేదు. కార్బురేటర్ విప్పితే లోపల జిగురు పట్టి ఉంది. ఇప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా ఇంజను నడిపి అప్పుడు లోపల పెడతాను.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, అమ్మేవాళ్లెవరూ చెప్పనిది: ఈ మిషన్ నేల పైనున్న పనే చేస్తుంది. సర్కారు తుమ్మని నేల మట్టానికి కొడితే అది చావదు, కోపం తెచ్చుకున్నట్టు ఒక్క కాండానికి ఎనిమిది కాండాలు వేస్తుంది. మొదలు దగ్గర, మట్టిలో కాస్త లోపల దానికి మొగ్గలుంటాయి, అవి పోతేగానీ పని అయినట్టు కాదు. మేం మొదటి ఏడాది కొట్టి వదిలేసినవి రెండో ఏడాదికి పొదలై కూర్చున్నాయి. రెండోసారి వానలు పడి నేల మెత్తబడ్డాక, గునపంతో మొద్దు చుట్టూ అడుగు లోతు తవ్వి, ఆ గుబురు మొదలు మొత్తం ఊడేలా వేరు నరికేశాం. రోజుకి పది, పన్నెండు మొద్దుల కంటే కాలేదు, నడుములు విరిగాయి, కానీ అలా తీసిన చోట ఈ ఏడాది ఒక్క చిగురు రాలేదు. కాయలున్న కొమ్మలు విడిగా తీసిపెట్టండి, పశువులు ఆ కాయలు తింటే పేడలో గింజలు వెళ్లి కొత్త చోట మొలుస్తాయి. తుంగదీ అదే కథ, మట్టిలో గడ్డలుంటాయి, పైన ఎంత కోసినా వారంలో పచ్చగా నవ్వుతుంది.

చిన్న మొక్కల దగ్గర నైలాన్ తీగ వాడకండి, తీగ తగిలి బెరడు చుట్టూ ఊడిందంటే మొక్క పోయినట్టే. మా రెండు జామ మొక్కలు అలాగే ఎండిపోయాయి. మొక్క చుట్టూ మూర మేర కొడవలితోనే కోస్తున్నాం. కోసిన గడ్డిని తగలబెట్టడం మానేసి అక్కడే పరిచేస్తున్నాం, ఎండిన గడ్డి కింద వయ్యారిభామ మొలకలు బాగా తగ్గాయి.

అర ఎకరం నుంచి రెండెకరాల దాకా ఉండి, ఏడాదికి మూడుసార్లయినా వెళ్లి కోసే ఓపిక ఉంటే కొనండి. ఒక్కసారి కొట్టి మర్చిపోయేట్టయితే మనుషుల్ని పెట్టుకోవడమే మేలు. మణికట్టు లావు చెట్లు నిండిపోయిన నేలకి, చెట్టుని నిలబడ్డ చోటే పొట్టు చేసే మల్చర్ మిషన్ అద్దెకి దొరికితే అది చూడండి, అది మట్టిని లేపదు. కొనేటప్పుడు బిల్లుతోపాటు ఒక స్పార్క్ ప్లగ్గు, ఎయిర్ ఫిల్టరు, ఒక మూడు రెక్కల బ్లేడు అదనంగా తీసుకోండి. ముఖానికి జాలీ కాదు, గట్టి షీల్డు, దాని లోపల కళ్లద్దాలు కూడా. విడిభాగాలు మీ చుట్టుపక్కల దొరుకుతాయో లేదో కొనకముందే కనుక్కోండి, మాకు ఒక చిన్న క్లచ్ స్ప్రింగు కోసం మూడు వారాలు మిషన్ మూలన పడి ఉంది, ఆ మూడు వారాల్లోనే గడ్డి మళ్లీ మోకాలి దాకా వచ్చేసింది.