ట్రాన్స్‌పోజ్ బటన్‌తో తొమ్మిదేళ్లు: మా చర్చి కీబోర్డ్ సమీక్ష

2016 క్రిస్మస్‌కు ముందు మా సంఘం వాళ్లు తలా కొంచెం వేసుకుని కొన్న 61 కీల కీబోర్డ్ ఇది. తబలా, డోలక్ దరువులు లోపలే ఉండే ఇండియన్ మోడల్. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయేది ఏ కంపెనీ కీబోర్డుకైనా దాదాపు ఒకటే. ఎన్ని వాయిస్‌లు, ఎన్ని వాట్ల స్పీకర్ అనేవి షాపులో చెప్తారు. హన్మకొండలో ప్రతి ఆదివారం నూట ఇరవై మంది ముందు వాయిస్తూ, వారం విడిచి వారం ఆరాధన కూడా నేనే నడిపిస్తూ, ఈ తొమ్మిదేళ్లలో నేను అన్నిటికంటే ఎక్కువ నొక్కింది ట్రాన్స్‌పోజ్ బటన్. కాబట్టి సమీక్ష కూడా ఎక్కువ దాని గురించే.

ఆ బటన్ పని చిన్నదే. వేళ్లు ఎప్పుడూ తెలిసిన చోటే పెట్టి, వచ్చే శబ్దాన్ని మాత్రం ఒక్కో మెట్టు పైకో కిందికో జరపొచ్చు. పైకి పన్నెండు, కిందికి పన్నెండు. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. మా సంఘంలో హార్మోనియం వాయించిన తాత దగ్గర స్కేల్ ఛేంజర్ పెట్టె ఉండేది. మెట్ల వరస మొత్తాన్నీ పక్కకు జరిపి బిగించేవాడు. అదే పని ఇప్పుడు వేలి కొసతో అయిపోతోంది.

దీని అవసరం నాకు మొదటి నెలలోనే తెలిసొచ్చింది. యూట్యూబ్‌లో విన్న పాటను విన్న స్కేల్‌లోనే నేర్చుకుని వచ్చి ఆదివారం వాయించాను. ఆరాధన అయ్యాక ఒక పెద్దమ్మ దగ్గరికొచ్చి, "బిడ్డా, మంచిగనే వాయిస్తున్నవ్ గని, ఆ పాట మా గొంతుకు అందుతలేదు. ఊకె పెదవులు కదుపుకుంట నిలవడ్డం" అంది. ఇంటికెళ్లి లెక్క చూసుకున్నాను. రికార్డులో పాట డి మైనర్ స్కేల్‌లో ఉంది. చరణంలో పై గాంధారం (స రి గ లో 'గ') ఎఫ్ మీద పడుతోంది. స్టూడియోలో పాడినామె గొంతుకు అది లెక్కే కాదు. మా ఆడవాళ్ల గొంతులు ఉదయం తొమ్మిదిన్నరకు డి దగ్గర ఆగిపోతాయి, మగవాళ్లు ఒక స్థాయి కిందా అంతే. మూడు మెట్లు దించితే పాట బి మైనర్‌కు వస్తుంది, ఆ గాంధారం సరిగ్గా డి మీద కూర్చుంటుంది. తర్వాతి ఆదివారం మైనస్ మూడు పెట్టి అదే పాట ఎత్తాను. చరణంలో వెనక వరసల్లోంచి గొంతులు లేచాయి. ఆ రోజు నుంచి ఏ పాటకైనా ముందు చూసేది అందులో అన్నిటికంటే పై స్వరం ఎక్కడుందనే. పాట నడిపించేవాడు తన గొంతు ఎంత పైకి వెళ్తుందో చూపించడానికి నిలబడడు కదా. మా దగ్గర కొంతమంది యూత్‌కు ఇది ఇప్పటికీ అర్థం కాలేదు, అది వేరే సంగతి.

ఇంతవరకు బటన్‌కు పదికి పది. గిటార్ వచ్చాక మొదలైంది అసలు తలనొప్పి.

పైన చెప్పిన పాటనే తీసుకోండి. నా వేళ్లు డి మైనర్ మీద ఉంటాయి, కాబట్టి నా నోట్లో "డి మైనర్" అని వస్తుంది. గిటార్ తమ్ముడు రెండో ఫ్రెట్‌లో క్యాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టి శృతి పెంచే క్లిప్పు) బిగించి ఏ మైనర్ పట్టుకుంటాడు, కాబట్టి అతను "ఏ మైనర్" అంటాడు. వినపడేది బి మైనర్. హార్మోనియం తాత అక్కడుంటే "ఏడు శృతి" అంటాడు. ఒక్క పాటకు నాలుగు పేర్లు. బేస్ గిటార్ వాయించే పిల్లాడికి క్యాపో లేదు, బటన్ లేదు. ప్రాక్టీసులో మా ఇద్దరి మొహాలూ చూసి, "అన్నా, అసలు మనం ఏ స్కేల్‌ల ఉన్నం?" అని అడిగేవాడు. చివరికి అక్షరాలు మానేసి నంబర్లకు వచ్చాం. ఒకటి, నాలుగు, అయిదు. పాట ఎక్కడ మొదలైతే అది ఒకటి. ఈ పద్ధతి నాష్‌విల్ స్టూడియోల నుంచి వచ్చిందని గిటార్ తమ్ముడు గొప్పగా చెప్పాడు. మన 'స' కూడా అలాంటిదే కదా అన్నాను నేను, దానికీ ఫలానా మెట్టు అని లేదు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం ఉంటాయి, స్కేల్ ఉండదు. పురుషోత్తమ చౌధరి గారు (1803–1890) కీర్తనలు రాసిన కాలంలో క్యాపో గొడవ లేదు, పాడేవాళ్ల గొంతు ఎక్కడుంటే స అక్కడ.

ఇక కరెంటు సంగతి. నా కీబోర్డ్ స్విచ్ నొక్కితే లోపలే ఉండిపోయే రకం. కరెంటు పోయి వస్తే దానంతటదే ఆన్ అవుతుంది, కానీ ట్రాన్స్‌పోజ్ సున్నాకు వచ్చేస్తుంది. ఇది నేను నేర్చుకున్నది ఒక క్రిస్మస్ ఆరాధనలో, చర్చి నిండా జనం ఉండగా. పాట మధ్యలో కరెంటు పోయింది. ఎవరూ ఆపలేదు, చప్పట్లతో పాడుతూనే ఉన్నారు. గిటార్ తమ్ముడు మైకు లేకపోయినా గట్టిగా కొడుతున్నాడు. నిమిషంలో కరెంటు వచ్చింది. నేను ఉత్సాహంగా రెండు చేతులతో కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుత్తి) వేశాను. వాళ్లంతా బి మైనర్‌లో ఉన్నారు, నేను డి మైనర్‌లో. పైగా కరెంటు వచ్చేటప్పటికి నా పాదం సస్టెయిన్ పెడల్ మీదే ఉంది. ఆన్ అయ్యే క్షణంలో పెడల్ నొక్కి ఉంటే ఈ మెషిన్ దాన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటుంది. కాలు తీస్తే శబ్దం సాగుతుంది, నొక్కితే ఆగుతుంది. తప్పు కార్డ్, అదీ ఆగకుండా! వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, పాట అయ్యేదాకా ఊరికే వేళ్లు కదుపుతూ కూర్చున్నాను. పెద్దమ్మ చెప్పిన పెదవుల సంగతి గుర్తొచ్చింది. పాస్టర్ అయ్యగారు ఏమీ అనలేదు. ప్రసంగంలో మాత్రం నా వైపు చూసి ఒకసారి నవ్వారు.

దీనికి మందు కీబోర్డులోనే ఉందని రెండేళ్ల తర్వాత తెలిసింది. మెమరీ బటన్లలో స్టైల్ (లోపలి దరువు), టెంపో (వేగం)తో పాటు ట్రాన్స్‌పోజ్‌ను కూడా దాచుకోవచ్చు, ఆపినా పోదు. ఇప్పుడు శనివారం రాత్రే ఆదివారం పాటలన్నీ వరసగా అందులో పెట్టేస్తాను. కొనేవాళ్లు షాపులో ముందు ఇదే అడగండి. ఇంకొకటి: కొత్త మోడళ్లలో కొన్ని, అరగంట ముట్టుకోకపోతే వాటంతటవే ఆగిపోతాయి. గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధనలో యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలకు ఏడు ప్రసంగాలు, మధ్యలో పాటలు. ఒక్కో ప్రసంగం ఎంతసేపు సాగుతుందో మీకు తెలుసు. ఆ సెట్టింగ్ ముందే తీసేయండి.

బటన్ చేయలేని పని కూడా ఒకటుంది. ట్రాన్స్‌పోజ్ ఎంత జరిపినా లోపలి తబలా శృతి జరగదు. డ్రమ్ముల శబ్దాలకు అది తగలకుండా చేసి ఉంటారు, లేకపోతే ఒక్కో కీకి కేటాయించిన దరువులు తారుమారవుతాయి. కారణం సబబే, కానీ నెమ్మదైన కీర్తనలో తబలా ఒక దారి, పాట ఒక దారి అయి చెవికి గుచ్చుకుంటుంది. అలాంటి పాటలకు నేను లోపలి తాళం ఆపేసి ఖంజీర వాయించమంటాను.

మిగతా సంగతులు క్లుప్తంగా. కాజీపేట రైల్వే క్వార్టర్స్‌లో గృహ కూడికలకూ పరకాల వైపు ఊళ్లలో ఉపవాస ప్రార్థనలకూ బైకు మీద దుప్పటిలో చుట్టి తీసుకెళ్లాం, దెబ్బతినలేదు. కరెంటు లేని చోట ఆరు పెద్ద సెల్స్‌తో ఒక కూడిక హాయిగా గడుస్తుంది. నడిమి కీలు రెండు ఇప్పుడు టక్కుటక్కుమంటున్నాయి. అడాప్టర్ పిన్ను వదులైతే రబ్బర్ బ్యాండ్ చుట్టాం.

ఇక ఈ బటన్ నాకు చేసిన నష్టం. మూడేళ్ల క్రితం చుట్టాల పెళ్లికి వెళ్తే ఆ పాత చర్చిలో నిజమైన పియానో ఉంది. వాయించమని కూర్చోబెట్టారు. పెళ్లికూతురి అక్క పాట ఎత్తింది. శృతి వెతికితే ఎఫ్ మైనర్, నల్ల కీలే నాలుగు. నా ఎడమ చేయి అలవాటుగా బటన్ కోసం వెళ్లింది. అక్కడ చెక్క తగిలింది. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం వాయించినవాడికి నిజంగా వచ్చింది సి, ఏ మైనర్, డి మైనర్, అంతే. ఆ పాటంతా ఎడమ చేత్తో ఒక్కో స్వరం తడుముతూ గట్టెక్కించాను. ఆమె తర్వాత "థ్యాంక్స్ అన్నా" అంటే సిగ్గేసింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఒక్క పాట బటన్ ముట్టకుండా వాయిస్తున్నాను. ఎఫ్ మైనర్ చేతికి రావడానికి ఆరు నెలలు పట్టింది. బి మైనర్ ఇప్పుడు భయం లేదు. మిగతా పాటలకు బటన్ వాడుతూనే ఉన్నాను. ఎవరైనా ఉన్నట్టుండి సాక్ష్యం మధ్యలో పాట ఎత్తితే రెండు క్షణాల్లో అందుకోవడానికి దీన్ని మించింది లేదు.

ఈ ఏడాది నుంచి సండే స్కూల్‌లో ఒక అమ్మాయి దీని మీదే నేర్చుకుంటోంది. మొదటి రోజే ట్రాన్స్‌పోజ్ బటన్ మీద ప్లాస్టర్ అంటించి ఇచ్చాను. రెండో వారం చూస్తే ప్లాస్టర్ లేదు, స్క్రీన్ మీద మైనస్ రెండు ఉంది.