పెళ్ళికొడుకు ఉంగరం: బెజవాడ కొట్లలో దొరికే లోహాల్లో ఏది నిలుస్తుంది?

బందరు రోడ్డు షోరూముల్లో పెళ్ళికొడుకు ఉంగరం చూపించమంటే ముందు బయటికి తీసేది 22 క్యారెట్లదే. నిశ్చితార్థానికైనా, చర్చిలో మార్చుకునేవాటికైనా, అల్లుడికి పెట్టేదానికైనా అదే. మెడలో గొలుసుకి 22 బాగుంటుంది. రాత్రీ పగలూ వేలికుండే మగవాడి ఉంగరానికి మాత్రం అది మొదటి ఎంపిక కాకూడదు.

కొన్నేళ్ళు తియ్యకుండా పెట్టుకున్న 22 క్యారెట్ల ఉంగరాన్ని పక్కకి తిప్పి చూడండి. పైభాగం నిండుగానే ఉంటుంది. అరచేతి వైపు మాత్రం బైకు హ్యాండిలుకి, సంచుల పిడులకి, జిమ్‌లో ఇనుముకి రాసుకుని పలచబడుతుంది. పిడికిలి గట్టిగా బిగించిన ప్రతిసారీ కాస్త వంగి గుండ్రం కూడా పోతుంది. రాయి పొదిగినదైతే దాన్ని పట్టుకున్న కొక్కేలు విచ్చుకుని రాయి రాలిపోతుంది. 22లో 91.6 శాతం బంగారం, రాగీ వెండీ కలిపి 8.4 శాతమే. 18లో ఆ కలుపు 25 శాతం. గట్టిదనం సుమారు రెట్టింపు కావడానికి కారణం అదే.

అందుకే చాలామందికి మా సలహా 18 క్యారెట్ల పసుపు బంగారం. రాయి లేని, లోపల బోలు లేని సాదా పట్టీ. వెడల్పు 4 నుంచి 5 మిల్లీమీటర్లు, మందం 1.8కి తగ్గకూడదు, లోపలి అంచులు గుండ్రంగా ఉండాలి. అసలు లోహం కంటే మందమే ఎక్కువ కాపాడుతుంది. 1.2 మిల్లీమీటర్ల 18 కంటే 2 మిల్లీమీటర్ల 22 ఎక్కువ కాలం వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు 22 తప్ప ఒప్పుకోకపోతే రాళ్ళూ చెక్కుడూ వద్దని, మందంగా చేయించండి.

బోలు ఉంగరాన్ని తూకమే పట్టిస్తుంది. లోపలి వ్యాసం 19 మిల్లీమీటర్లు, వెడల్పు 4, మందం 1.8 ఉన్న పలక పట్టీ గట్టిదైతే 22 క్యారెట్లలో సుమారు ఒక కాసు, అంటే 8 గ్రాములు తూగాలి. 18లో ఏడు గ్రాముల పైన, ప్లాటినంలో పది గ్రాములకి దగ్గరగా. అంచులు గుండ్రం తీస్తే కొంత తగ్గుతుంది. అదే కొలతలో నాలుగు గ్రాములదని మురిపెంగా చూపిస్తే లోపల ఖాళీ ఉన్నట్టే. దానికి సొట్ట పడితే సరిచేయడం కష్టం, సైజు మార్చడం ఇంకా కష్టం.

18తో చిక్కులు లేకపోలేదు. సాదా పట్టీలు చాలా కొట్లలో సిద్ధంగా ఉండవు, 18 అంటే వజ్రాల నగలే చూపిస్తారు. చేయించుకోవాలంటే ముహూర్తానికి ముందే తగినంత వ్యవధి పెట్టుకోండి. మార్పిడికి ఇస్తే 75 శాతం బంగారానికే లెక్క కడతారు, అది న్యాయమే. కొన్నచోటే మార్పిడి షరతులు బిల్లు మీద రాయించుకోండి. 18లోని రాగి, వెండి మీద క్లోరిన్ పనిచేస్తుంది. ఈతకొలనుకి వెళ్ళేటప్పుడు, బ్లీచింగుతో కడిగేటప్పుడు తీసి పెట్టాలి. తెల్ల బంగారమైతే పైన రోడియం అనే తెల్ల లోహపు పూత ఉంటుంది. అరచేతి వైపు ముందు అరిగి లోపలి పసుపు ఛాయ తేలుతుంది, అప్పుడప్పుడూ మళ్ళీ పూత వేయించాల్సిందే. మగవాళ్ళ రోజువారీ వాడకానికి అది మేం చెప్పం.

ప్లాటినం 950, అంటే 95 శాతం ప్లాటినం ఉన్నది, నిజంగా మన్నే లోహం. గీత పడినా లోహం పక్కకి జరుగుతుందేగానీ బంగారంలా త్వరగా రాలిపోదు. కాలం గడిచేకొద్దీ మెరుపు తగ్గి మసక బూడిదరంగు వస్తుంది, అది నచ్చేవాళ్ళే కొనాలి. ఇబ్బంది మరమ్మతులో ఉంది. బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, ప్లాటినం 1768 దగ్గర. వన్‌టౌన్‌లో బంగారం పని చేసే కంసాలి దగ్గరున్న మామూలు మంట దానికి చాలదు. బంగారం టంకంతో అతికితే పసుపు గీత కనబడుతుంది. సైజు మార్పు ఎక్కడ చేయిస్తారు, ఎన్ని రోజులు పడుతుంది, మొదటిసారి ఉచితమేనా అన్నవి డబ్బు కట్టకముందే అడగండి. గ్రాము ధర ఈమధ్య బంగారం కంటే తక్కువే అయినా మజూరీ ఎక్కువ, తిరిగి అమ్మితే వచ్చేది తక్కువ.

ఆన్‌లైన్‌లో ఊరిస్తున్న టంగ్‌స్టన్ కార్బైడ్‌కి గీతలు దాదాపు పడవు. కానీ గ్రానైట్ గచ్చు మీద పడితే పగలొచ్చు, సైజు మార్చడం అసలు కుదరదు. వేలు వాచినప్పుడు మామూలు కట్టరు దాన్ని కోయలేదు. బిగింపు పట్టకారుతో కొద్దికొద్దిగా నొక్కి పగలగొట్టాలి. ఆ సంగతి ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్నవాళ్ళకి తెలిసి ఉండాలి. బంగారమైతే చిన్న రంపపు కట్టరుతో నిమిషాల్లో తెగుతుంది. టైటానియం తేలిక, అదే కొలతకి రెండు గ్రాములే. ఒంటికి పడుతుంది, కానీ సైజు మార్పు దాదాపు లేనట్టే. వెండి మెత్తన, నల్లబడుతుంది కూడా.

ఆటోనగర్‌లో లేతు, గ్రైండరు దగ్గర పనిచేసేవాళ్ళు, కరెంటు పనివాళ్ళు పనిలో ఏ ఉంగరమూ పెట్టుకోకూడదు. యంత్రానికి తగులుకుంటే వేలే పోతుంది, ఏ లోహమూ అందుకు మినహాయింపు కాదు.

కొలత సాయంత్రం తీయించండి. మే నెల ఎండకి, ఉప్పు ఎక్కువ తిన్న రోజుకి వేళ్ళు ఉబ్బుతాయి. దారంతో కొలిచి పంపడం వద్దు, కొట్లో ఉండే సైజు రింగులు తొడిగి చూడాలి. కణుపు దగ్గర కాస్త పట్టి దాటాలి, అడుగున తిరగకూడదు. పట్టీ 6 మిల్లీమీటర్లు దాటితే అర సైజు పెంచాలి. 18ని పెద్దది చేయించేటప్పుడు అతికే ముక్క కూడా 18దే కావాలని చెప్పండి, 22 ముక్క పెడితే రంగు తేడా తెలుస్తుంది.

బంగారం మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 18కి 750 లేదా 22కి 916, ప్రతి నగకీ వేరుగా ఇచ్చే ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య హెచ్‌యూఐడీ, ఈ మూడూ ఉండాలి. భూతద్దం అడిగి చదివి, ఆ సంఖ్యని బీఐఎస్ కేర్ యాప్‌లో అక్కడే సరిచూడండి. కేడీఎం అని చెబితే అది హాల్‌మార్క్ కాదు, అతుకు వేసిన పద్ధతి మాత్రమే. బిల్లులో నికర తూకం, తరుగు, మజూరీ విడివిడిగా రాయించండి. ఏటా మెరుగు పెట్టించకండి, ప్రతిసారీ కొంత బంగారం పోతుంది. తప్పక పెట్టిస్తే ముందూ తర్వాతా మీ ఎదుటే తూయించుకోండి.