సఖి సెంటర్‌కి నాలుగు స్టార్లు, నా కూలి పుస్తకానికి సున్నా

ఊరి పేరు రాయను. రాస్తే ఆ అమ్మాయి ఎవరో వీధంతా తెలిసిపోతుంది. పర్లాకిమిడికీ గుణుపురానికీ మధ్య ఎక్కడో అనుకోండి. నాది లేడీస్ టైలరింగ్ షాపు, నాలుగు మిషన్లు. అందరూ హోటళ్ళకీ చీరల షాపులకీ రివ్యూలు రాస్తారు. నేను సఖి వన్ స్టాప్ సెంటర్‌కి రాస్తున్నాను. హింస పడే ఆడవాళ్ళకి సాయం చేసే ప్రభుత్వ సెంటర్ అది.

ఆ అమ్మాయి మూడేళ్ళుగా నా దగ్గర జాకెట్లు కుడుతోంది. కాపురం ఆంధ్రా వైపు, పని ఒడిశా వైపు, మధ్యలో ఆటోలో ఇరవై నిమిషాలు. సోమవారాలు తరచుగా రాదు. అడిగితే జ్వరం అంటుంది. ఒకసారి ఎడమ మణికట్టు వాచి ఉంది. గుడ్డ పట్టు దొరక్క పెళ్ళికూతురి జాకెట్‌కి చంక కుట్టు మెలికలు తిరిగిపోయింది. విప్పించి మళ్ళీ కుట్టించాను, ఆ రోజు కూలి కోసేశాను కూడా. శనివారం మొగుడు వచ్చి వారం డబ్బులు అడిగితే రెండుసార్లు అతని చేతికే ఇచ్చాను. ఆలుమగల గొడవ, మనకెందుకులే అనుకున్నాను.

తర్వాత అతను షాపు ఎదురుగా కల్వర్టు మీద కూర్చుని బూతులు అందుకున్నాడు. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్ళు గుమ్మంలోంచే వెనక్కి పోయేవాళ్ళు. నిజం చెప్పాలంటే నేను కదిలింది ఆమె మీద జాలితో కాదు, బేరాలు పోతున్నాయని.

ఇటు స్టేషన్‌లో "కాపురం అక్కడ కదా, అక్కడికెళ్ళండి" అన్నారు. అటు వెళ్తే "గొడవ జరిగింది షాపు దగ్గర కదా" అన్నారు. చివరికి ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే సఖి సెంటర్‌కి వెళ్ళమన్నారు.

బోర్డు కనపడక రెండుసార్లు దాటి వెళ్ళిపోయాం. దానికి సగం స్టార్ తగ్గించాను. లోపల అందరూ అపా అని పిలిచే ఒకావిడ, ఒడియా కలిసిన తెలుగులో మొదట అడిగింది, "తిన్నారా?" అని. తర్వాత నన్ను బయట కూర్చోమని తలుపు వేసింది. నాకు కాస్త కోపమొచ్చింది. కానీ నా ముందు మూడేళ్ళుగా నోరు విప్పని పిల్ల లోపల గంటన్నర మాట్లాడింది. రిపోర్టు ఒడియాలో రాసి, ప్రతి లైనూ తెలుగులో చెప్పాకే సంతకం పెట్టించారు.

బోర్డర్ సంగతి అక్కడే తేలింది. 2005 గృహహింస చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఆమె ఉండే చోటే కాదు, పనిచేసే చోటి కోర్టులో కూడా కేసు వేయొచ్చు. ఉత్తర్వు దేశమంతా చెల్లుతుంది. "నీ పని ఇక్కడే కదా, చాలు" అంది అపా. పనిచేసే చోటికి అతను రాకూడదని కోర్టు 18వ సెక్షన్ కింద ఉత్తర్వు ఇవ్వొచ్చట. దాటితే ఏడాది దాకా జైలు, లేదా 20,000 దాకా జరిమానా, రెండూ పడొచ్చు.

లీగల్ ఎయిడ్ లాయరమ్మ పైసా తీసుకోలేదు. నా కూలి పుస్తకం మాత్రం అడిగింది. నేను ఎర్ర ఇంకుతో "రాలేదు" అని రాసుకున్న తేదీలని ఆసుపత్రి చీటీల పక్కన పెట్టింది. ఒకటీ అరా తప్ప అన్నీ కలిశాయి. పోయిన కూలి కూడా అతని దగ్గర్నుంచి అడగొచ్చని జిరాక్స్ తీయించింది. కోసింది నేను కదా, తల ఎత్తలేకపోయాను.

మిగతా సగం స్టార్ ఎందుకు తగ్గించానంటే, సెంటర్‌లో ఉండనిచ్చేది అయిదు రోజులే. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో ఉండాలని చట్టంలో ఉంది, మాకు మూడు వారాలు పట్టింది. అది సెంటర్ తప్పు కాదు. ఆ మూడు వారాలూ ఆమె మా ఇంట్లోనే పడుకుంది. మిషన్ వెనక గదిలోకి మార్చి, షట్టర్ సగం దించి పని చేశాం. ఫిలిప్పీన్స్‌లో ఇలాంటి ఆడవాళ్ళకి 2004 నుంచే పది రోజులు జీతంతో సెలవు ఉందని లాయరమ్మ చెప్పింది. నా నాలుగు మిషన్ల షాపుకి అంత తూగదు, అయిదు పెట్టాను.

ఉత్తర్వు వచ్చాక అతను ఒక్కసారే కల్వర్టు దాకా వచ్చాడు. హుక్కుల డబ్బా కింద పెట్టిన జిరాక్స్ తీసి చూపించాను, వెళ్ళిపోయాడు. కూలి ఇప్పుడు ఆమె సొంత అకౌంట్‌లోనే వేస్తున్నాను.

పాత కోతలన్నీ కూడితే 2,340 తేలింది. చేతిలో పెట్టాను. లెక్క పెట్టుకుని, "అక్కా, దసరా ముందు ఇంకో సోమవారం ఉంది" అంది. పుస్తకం తీసి చూస్తే ఉంది.