బొమ్మా, బారా, పట్టికా: ట్యాంకర్ల లెక్కకు ఏది మేలు?

బెంగళూరు తూర్పున, వైట్‌ఫీల్డ్ వైపు ఉన్న మా అపార్ట్‌మెంటులో ఏ, బి, సి అని మూడు బ్లాకులు ఉన్నాయి. కావేరి నీరు వచ్చినా అది చాలదు. మిగతాది బోరు తీర్చాలి, బోరూ చాలకపోతే ట్యాంకరు పిలవాలి. 2024 వేసవిలో నగరంలో ఎన్నో బోర్లు ఎండిపోయి, ట్యాంకరు ధరలకు జిల్లా యంత్రాంగమే పరిమితి పెట్టవలసి వచ్చింది. అప్పటినుంచి ఏ బ్లాకు సంపులోకి ఎన్ని ట్యాంకర్లు దిగాయన్న లెక్కను నెలనెలా లిఫ్టు పక్కనున్న నోటీసు బోర్డుమీద పెట్టాలని నివాసుల సంఘం తీర్మానించుకుంది. ఆఫీసులో పొద్దస్తమానం చార్టులతోనే కుస్తీ పట్టేవాణ్ణి గనుక ఆ పని నా నెత్తిన పడింది. తెలుగు, కన్నడం, తమిళం, హిందీ మాట్లాడే ఇళ్ళు కలగలిసి ఉన్నచోట ఏ లిపిలో రాసినా ఎవరో ఒకరికి అందదు కాబట్టి, బొమ్మ గీస్తే అందరికీ అర్థమవుతుందని నేను అనుకున్నాను.

ఆ నెల లెక్క ఇది: ఏ బ్లాకుకు 14 ట్యాంకర్లు, బి బ్లాకుకు 28, సి బ్లాకుకు 19. నేను మూడు నీటి బొట్లు గీశాను. ఏ బ్లాకు బొట్టు 4 సెంటీమీటర్ల ఎత్తు, బి బ్లాకుది దానికి రెట్టింపు గనుక 8 సెంటీమీటర్లు, సి బ్లాకుది 5.4. బొట్టు ఆకారం చెడకూడదని ఎత్తు పెంచినప్పుడల్లా వెడల్పునూ అదే నిష్పత్తిలో పెంచాను. చూడటానికి ముచ్చటగానే వచ్చింది. అనంతపురంనుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్న పెద్దాయన ఒకరు కళ్ళజోడు సర్దుకుని బోర్డు ముందు నిలబడి, "ఏం నాయనా, బి బ్లాకోళ్ళు మనకు నాలుగింతలు వాడతా ఉండారా?" అని అడిగారు. "లేదు పెదనాయనా, రెండింతలే" అన్నాను. "బొమ్మ అట్ల చెప్పలేదే!" అన్నారాయన.

ఆయన కన్ను తప్పు చేయలేదు. ఎత్తూ వెడల్పూ రెండూ రెట్టింపయితే బొట్టు ఆక్రమించే చోటు నాలుగు రెట్లవుతుంది. సి బ్లాకువారు ఏ బ్లాకుకంటే మూడోవంతుకు కాస్త పైగా ఎక్కువ వాడితే, నా బొమ్మ దాన్ని ఇంచుమించు రెండింతలకు దగ్గరగా చూపించింది. అదే బొట్టుకు నీడలద్ది ఉబ్బెత్తుగా గీసి ఉంటే చూసేవారికి ఘనపరిమాణం తోస్తుంది, అప్పుడు రెండు రెట్లు కాస్తా ఎనిమిది రెట్లుగా కనిపిస్తుంది. గణాంకాలను బొమ్మల్లో చూపడంలో నిపుణుడైన ఎడ్వర్డ్ టఫ్టే 1983లో ఇలాంటి చార్టులకు ఒక కొలత ప్రతిపాదించాడు: బొమ్మలో కనిపించే పెరుగుదలను అసలు దత్తాంశంలోని పెరుగుదలతో భాగించాలి, వచ్చినది 1 అయితే చార్టు నిజాయితీగా ఉన్నట్టు. నా చార్టులో అసలు పెరుగుదల నూటికి నూరు, బొమ్మలో కనిపించేది నూటికి మూడు వందలు. అంటే మూడు రెట్ల అబద్ధాన్ని నా చేతులతోనే లిఫ్టు పక్కన అతికించాను.

దీనికి సులువైన విరుగుడు ఉందని లెక్క తెలిసినవారు అంటారు: ఎత్తును కాక వైశాల్యాన్ని రెట్టింపు చేయాలి, అంటే 4 సెంటీమీటర్ల బొట్టు పక్కన 8 కాక 5.66 సెంటీమీటర్ల బొట్టు గీయాలి. గణితం ప్రకారం అది సరైనదే, కానీ మన కన్ను గణితం ప్రకారం నడవదు. వైశాల్యాల తేడాను మనిషి ఉన్నదానికంటే తక్కువగా అంచనా వేస్తాడని మానసికశాస్త్ర ప్రయోగాలు ఏనాడో తేల్చాయి. స్థూలంగా చెప్పాలంటే రెట్టింపు వైశాల్యం ఒకటిన్నర రెట్లకు కాస్త ఎక్కువగా మాత్రమే తోస్తుంది. అలా చేస్తే ఈసారి బి బ్లాకువారికి మేలు చేసే అబద్ధం తయారవుతుంది. అందువల్ల బొమ్మను సాగదీయడం, కుదించడం అనే పద్ధతి ఎంత జాగ్రత్తగా చేసినా పోలికకు పనికిరాదన్నది నా అభిప్రాయం.

ఇక బారు చార్టు. తెలుగు మాధ్యమంలో చదివినవారికి బడిలో నేర్చిన పటచిత్రం, కమ్మీ రేఖాచిత్రం అన్న మాటలు గుర్తుండే ఉంటాయి. ఆ కమ్మీయే ఈ బారు. దీన్ని అచ్చులోకి తెచ్చినవాడు స్కాట్లాండుకు చెందిన విలియం ప్లేఫెయిర్. 1786లో వెలువరించిన సంపుటిలో ఆయన మిగతా చోట్ల ఏళ్ళవారీగా గీతలు గీసుకుంటూ పోయి, స్కాట్లాండు ఎగుమతి దిగుమతుల దగ్గర మాత్రం ఒక్క ఏడాది లెక్కలే దొరకడంవల్ల ఒక్కో దేశానికి ఒక్కో కమ్మీ గీశాడు. సామగ్రి చాలక చేసిన ఆ సర్దుబాటే ఈనాడు ప్రపంచమంతా వాడుతున్న పద్ధతి అయింది. దాని బలం ఏమిటో 1984లో విలియం క్లీవ్‌లాండ్, రాబర్ట్ మెక్‌గిల్ అనే గణాంకవేత్తలు ప్రయోగాలతో చూపించారు: ఒకే కొలబద్దమీది స్థానాలను మనం అన్నిటికంటే కచ్చితంగా పోల్చగలం, ఆ తరువాత పొడవులను, కోణాలను, ఇంకా వెనుక వైశాల్యాన్ని, ఘనపరిమాణాన్ని. బార్లన్నీ ఒకే గీతమీద నిలబడతాయి గనుక 14కూ 19కీ తేడా ఎంతో బారు చెప్పినంత సూటిగా బొట్టు చెప్పలేదు.

అయితే బారు సత్యహరిశ్చంద్రుడేమీ కాదు. నిలువు గీత సున్నాకు బదులు 10 దగ్గర మొదలైతే ఏ బ్లాకు బారు 4 గళ్ళు, బి బ్లాకు బారు 18 గళ్ళు ఉంటాయి, అంటే నాలుగున్నర రెట్లు. నా బొట్టు చెప్పిన అబద్ధంకంటే ఇది పెద్దది. పైగా బొట్టును చూసి పెద్దాయన అనుమానపడ్డారు గానీ, సూటు వేసుకున్న ఉద్యోగిలా నిటారుగా నిలబడిన బారును ఎవరూ అనుమానించరు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఎడమవైపు అంకెలు, అడుగున పేర్లు, మధ్యలో గళ్ళు, వీటిని కలిపి చదవడం ఒక చదువు. అది అలవాటైనవారికి కళ్ళముందు జవాబు ఉన్నట్టు ఉంటుంది, లేనివారికి మూడు డబ్బాలు గీసినట్టు ఉంటుంది. మా వాచ్‌మన్‌కు బారు చార్టు చూపించినప్పుడు అతను అవి మా మూడు బ్లాకుల భవనాలే అనుకుని, మన ఏ బ్లాకును అంత పొట్టిగా ఎందుకు గీశారని అడిగాడు. ఆ ప్రశ్నలో నవ్వుకోవలసిందేమీ లేదు, ఎందుకంటే నీళ్ళ గురించిన చార్టులో నీటి జాడ ఎక్కడా లేదు మరి.

మూడో దారి, బొమ్మను సాగదీయకుండా ఎన్నిసార్లు కావాలో అన్నిసార్లు వరుసగా పేర్చడం. ఈ పద్ధతికి ఒక చరిత్ర ఉంది. ఒట్టో నాయ్‌రాట్ అనే తత్త్వవేత్త, ఆర్థికవేత్త 1925లో వియన్నాలో సమాజ, ఆర్థిక విషయాల మ్యూజియం ఒకటి స్థాపించి, పెద్దగా చదువుకోని కార్మికులకు సైతం దేశపు లెక్కలు అందాలని బొమ్మల గణాంకాల పద్ధతిని తీర్చిదిద్దాడు. ఆ పద్ధతికి మూలసూత్రం ఒక్కటే: ఎక్కువ పరిమాణాన్ని పెద్ద బొమ్మతో కాక ఎక్కువ బొమ్మలతో చూపాలి. ఆయన బృందంలో గెర్డ్ ఆర్న్‌ట్జ్ గుర్తులను గీసి చెక్కితే, తరువాత నాయ్‌రాట్‌ను పెళ్ళాడిన మారీ రైడెమైస్టర్ లెక్కల కట్టల్లోంచి చెప్పవలసిన విషయాన్ని ఏరి దానికి బొమ్మల అమరిక కుదిర్చేది. ఆ రెండో పనినే వారు ప్రత్యేకమైన వృత్తిగా గుర్తించారన్నది నాకు ఎంతో నచ్చిన సంగతి; ఈ రోజు మన ఆఫీసుల్లో గీసేవారు దొరుకుతున్నారు గానీ ఏరేవారు దొరకడం లేదు. 1934లో ఆస్ట్రియా రాజకీయాలు తిరగబడ్డాక వారు నెదర్లాండ్స్‌కు తరలిపోయారు, మరుసటి ఏడు ఆ పద్ధతికి ఐసోటైప్ అన్న పేరు స్థిరపడింది. మాటలు విడదీస్తాయి, బొమ్మలు కలుపుతాయి అనేది నాయ్‌రాట్ నినాదం. మా నోటీసు బోర్డుకు దీనికంటే తగిన నినాదం ఉండదు.

ఆ సూత్రాన్ని పట్టుకుని నేను బొట్టును వదిలి ట్యాంకరు లారీ బొమ్మకు మారాను. ఇలా మారడానికి ఇంకో కారణం కూడా ఉంది: మొదటి చార్టును జిరాక్స్ తీయించి మూడు బ్లాకుల్లోనూ పెడితే, నీలం బొట్లు నల్లబడి వంటనూనె చుక్కల్లా కనిపించాయి. ట్యాంకరు నల్లగా ఉన్నా ట్యాంకరే. అంతకంటే ముఖ్యమైనది, ట్యాంకరు అన్నది మేము నిజంగా లెక్కించే వస్తువు. గేటు దగ్గర అది ఒకటి, రెండు అని వస్తుంది, బొట్లు బొట్లుగా రాదు. లెక్కించే వస్తువే బొమ్మ అయినప్పుడు, చూసేవారు బొమ్మకూ లెక్కకూ మధ్య అనువాదం చేసుకోనక్కరలేదు.

అయినా మొదటిసారి కుదరలేదు. చోటు మిగులుతుందని ఒక బొమ్మకు రెండు ట్యాంకర్ల చొప్పున గీశాను. ఏ బ్లాకుకు 7 బొమ్మలు, బి బ్లాకుకు 14 సరిపోయాయి. సి బ్లాకుకు తొమ్మిదిన్నర వచ్చింది. అర ట్యాంకరును ఎలా గీయాలి? ముందు సగం గీస్తే ట్యాంకు లేని క్యాబిన్, వెనుక సగం గీస్తే డ్రైవరు లేని ట్యాంకు, ఏది గీసినా అవుటర్ రింగ్ రోడ్డుమీద ప్రమాదం జరిగినట్టే ఉంది. దాంతో ఒక బొమ్మకు ఒకే ట్యాంకరు అని మార్చుకున్నాను. అప్పుడు వరుసలో 28 లారీలు బారులు తీరాయి. నాలుగు దాటిన వస్తువులను మన కన్ను చూడగానే పోల్చుకోలేదు, వేలు పెట్టి లెక్కపెట్టాలి. పూర్వం పాల లెక్కకు గోడమీద బొగ్గుతో నాలుగు గీతలు గీసి ఐదోదాన్ని అడ్డంగా కొట్టేది అందుకే. నేనూ ఐదేసి లారీల తరువాత కాస్త ఎడం వదిలాను. ఏ బ్లాకుకు రెండు ఐదులు, ఒక నాలుగు. బి బ్లాకుకు ఐదు ఐదులు, ఒక మూడు. అన్ని వరుసలూ ఎడమవైపు ఒకే గీతనుంచి మొదలయ్యాయి గనుక దూరంనుంచి చూస్తే అవి అడ్డంగా పడుకున్న బార్లే, దగ్గరికి వచ్చి చూస్తే లారీలు. బారు బలమంతా ఇందులో ఉంది, బొమ్మ జ్ఞాపకమూ ఉంది. స్టీవ్ హరోజ్, రాబర్ట్ కొసారా, స్టీవెన్ ఫ్రాంకొనెరీ 2015లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇంచుమించు ఇదే తేలింది: దత్తాంశాన్ని మోసే బొమ్మల వరుసలు గుర్తుపెట్టుకోవడానికి సాయపడతాయి, ఆసక్తిని కలిగిస్తాయి, లెక్కతో సంబంధం లేకుండా అలంకారానికి తగిలించిన బొమ్మలు మాత్రం దృష్టిని మళ్ళిస్తాయి.

ఒక హెచ్చరిక చేయాలి. ట్యాంకరుకు లారీ, బోరుకు పంపు, కావేరికి కొళాయి అని వేర్వేరు గుర్తులు వాడదలిస్తే అన్నీ ఒకే వెడల్పులో ఉండాలి. లారీ పొడుగ్గా, కొళాయి సన్నగా ఉంటే ఐదు లారీల వరుస ఎనిమిది కొళాయిల వరుసను మించిపోయి, తక్కువది ఎక్కువగా కనిపిస్తుంది.

లెక్కించడానికి వాడే బొమ్మ వేరు, గుర్తించడానికి వాడే బొమ్మ వేరు అన్నది కూడా మరవరాదు. 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె పెట్టి దానిమీద గుర్తు అతికించారు. ఆ గుర్తు ఓటు ఎవరికో చెప్పింది, ఎన్నో చెప్పలేదు. ఫ్రిజ్‌మీద ఉండే విద్యుత్ ఆదా నక్షత్రాలు ఈ రెంటికీ మధ్యస్థంగా ఉంటాయి. ఐదు నక్షత్రాలు మూడింటికంటే మేలని చెబుతాయి గానీ ఎంత మేలో చెప్పవు, ఆ సంగతి అదే లేబుల్‌మీద ఏడాదికి ఇన్ని యూనిట్లు అని రాసి ఉన్న అంకె చెబుతుంది. కొనేటప్పుడు నేను ఆ అంకెనే చూస్తాను.

పట్టిక గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. మా సంఘం కోశాధికారికి లారీలూ వద్దు, బార్లూ వద్దు. తేదీ, బిల్లు, లీటర్లు, రూపాయలు వరుసగా ఉన్న కాగితం కావాలి, ఆయన పనికి అదే సరైనది. పన్నెండు నెలల పెరుగుదల చూపవలసి వచ్చినప్పుడు మాత్రం బొమ్మలూ బార్లూ రెండూ పక్కకు తప్పుకుని గీతకు చోటు ఇవ్వాలి, పన్నెండు వరుసల లారీల్లో ఎండాకాలం ఎక్కడ మొదలైందో వెతుక్కోవడం ఎవరివల్లా కాదు. సర్వసభ్య సమావేశంలో బ్లాకులవారీ ఛార్జీల మీద వాదన జరిగేటప్పుడు నేను సున్నానుంచి మొదలయ్యే బార్లే తెరమీద వేస్తాను, అక్కడ ఒక ట్యాంకరు తేడా కూడా డబ్బే. లిఫ్టు పక్కన మాత్రం లారీల వరుసే, వరుస చివర అంకెతో సహా.

మొన్న కొత్త నెల చార్టు పెట్టినప్పుడు అనంతపురం పెద్దాయన మళ్ళీ వచ్చి, ఏ బ్లాకు వరుసమీద వేలు జరుపుకుంటూ ఐదూ, పదీ, పద్నాలుగూ అని లెక్కపెట్టి తల అడ్డంగా ఊపారు. "పద్నాలుగోది నిండుగా రాలేదు నాయనా. పైపు పెట్టేటప్పుడు నేను ఆడనే నిలబడి చూసినా, సగమే ఉండె" అన్నారు. వాచ్‌మన్‌ను అడిగితే నిజమేనన్నాడు. వరుస చివరి అంకెను 14నుంచి 13½కు పెన్నుతో దిద్దాను. లారీని ఎక్కడ కోయాలో మాత్రం ఇంకా తేల్చుకోలేదు.