పునర్వర్గీకరణ, పునర్విభజన, పునర్వ్యవస్థీకరణ: ఎక్కడ ఏది మేలు?

మూడూ ‘పునర్’తోనే మొదలవుతాయి కాబట్టి ఒకదాని చోట మరొకటి పడిపోతుంటుంది. ముందు ఏం మారిందో చూసుకోవాలి. వస్తువు అలాగే ఉండి, దాన్ని చేర్చిన కోవ మారితే పునర్వర్గీకరణ. హద్దు జరిగితే పునర్విభజన. హద్దుతో పాటు పాలన, అధికారాలు, లెక్కలు కూడా మారితే పునర్వ్యవస్థీకరణ.

2006లో ప్లూటోను గ్రహాల్లోంచి తీసి మరుగుజ్జు గ్రహాల్లో వేశారు. దాని కక్ష్యా మారలేదు, పరిమాణమూ మారలేదు. అది అచ్చమైన పునర్వర్గీకరణ. నియోజకవర్గాల గీతలు మళ్లీ గీస్తే పునర్విభజన. 2014 చట్టం ఆస్తులు, అప్పులు, ఉద్యోగులు, హైకోర్టు, నీళ్లు అన్నింటినీ పట్టుకుంది. అందుకే దాని పేరు ‘ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం’. పత్రికల శీర్షికల్లో ‘విభజన చట్టం’ చెల్లుతుంది గానీ అర్జీలో పూర్తి పేరే రాయాలి.

పునర్వర్గీకరణ రోజూ జరిగే చోటు గ్రంథాలయం. ఒక కవి జీవితచరిత్ర 920లో, అంటే జీవితచరిత్రల కోవలో, ఉందనుకోండి. దాన్ని డ్యూయీ పద్ధతిలో (పుస్తకాలను విషయాన్ని బట్టి అంకెలతో వర్గీకరించే పద్ధతి) తెలుగు సాహిత్యానికి కేటాయించిన 894.827కి మార్చాలంటే క్యాటలాగులో కాల్ నంబరు (పుస్తకం ఏ బీరువాలో ఉందో చెప్పే నంబరు), పుస్తకం వెన్ను మీది చీటీ, లోపలి పేజీ మీద రాసిన నంబరు, మూడూ ఒకే పూట మార్చాలి. చీటీ మార్చి క్యాటలాగు వదిలేస్తే పాఠకుడు పాత బీరువా దగ్గరే వెతుకుతాడు. తనిఖీ రోజున అదే పుస్తకం ‘పోయినవి’ లెక్కలో తేలుతుంది. అక్సెషన్ నంబరును (పుస్తకం గ్రంథాలయంలో చేరినప్పుడు వేసే వరుస నంబరు) మాత్రం ముట్టుకోకూడదు. అది పుస్తకానికి ఇచ్చింది, కోవకు కాదు.

రాతలో తప్పు దొర్లేది సంధి దగ్గర. ‘పునః’ తర్వాత వ, న, జ లాంటి నాదమున్న హల్లు (గొంతు కంపిస్తూ పలికేది) వస్తే విసర్గ ‘ర్’ అవుతుంది: పునర్వర్గీకరణ, పునర్నిర్మాణం, పునర్జన్మ. అచ్చు వచ్చినా అంతే: పునరాలోచన. క, ప ముందు విసర్గ అలాగే నిలుస్తుంది: పునఃపరిశీలన. కాబట్టి ‘పునఃవర్గీకరణ’, ‘పునర్పరిశీలన’ రెండూ తప్పే. ‘పునర్ వర్గీకరణ’ అని విడగొట్టడమూ పనికిరాదు. వెతికినప్పుడు సగం ఫలితాలు జారిపోతాయి. ‘మళ్లీ పునర్వర్గీకరించారు’ అంటే రెండోసారి కోవ మార్చారని అర్థం వస్తుంది. ఒక్కసారే అయితే ఆ ‘మళ్లీ’ కొట్టేయాలి.

ఇక మాటల్లో అయితే ఈ బరువంతా ఎందుకు? ‘వేరే కోవలో వేశారు’, ‘మళ్లీ వేరుచేశారు’ అంటే ఎవరికైనా వెంటనే తెలుస్తుంది. ఉత్తర్వులో, నివేదికలో అయితే పునర్వర్గీకరణే మేలు, ఏ కోవ నుంచి ఏ కోవకో పక్కనే రాస్తే.