కడుపు పుండుకు మూడు మందుల కోర్సా, నాలుగు మందుల కోర్సా: ఏది మేలు?

నెల్లూరు వైపు ఎవరికి కడుపులో మంట వచ్చినా నింద మొదట చేపల పులుసులోని కారం మీదికే పోతుంది. జీర్ణాశయపు పుండ్లకు హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ముఖ్య కారణమని చూపినందుకు బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చినా, మన ఇళ్లలో పాపమంతా ఇంకా మిరపకాయదే.

ఈ బ్యాక్టీరియా ఉన్నట్లు తేలితే సాధారణంగా రెండు కోర్సులలో ఒకటి రాస్తారు. మొదటిది క్లారిత్రోమైసిన్, అమాక్సిసిలిన్, ఆమ్లాన్ని తగ్గించే మాత్ర కలిసిన మూడు మందుల కోర్సు. రోజుకు రెండు పూటలే కాబట్టి తేలిక. రెండవది బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, ఆమ్లం మాత్ర కలిసిన నాలుగు మందుల కోర్సు. ఇందులో కొన్ని మందులను రోజుకు నాలుగుసార్లు వేసుకోవాలి.

వాడకంలో సుఖం చూస్తే మొదటిదే గెలుస్తుంది గానీ, అసలు చిక్కు క్లారిత్రోమైసిన్ దగ్గరే ఉంది. ఆ మందు బ్యాక్టీరియాలో ప్రోటీన్లు తయారయ్యే రైబోజోమ్‌ను పట్టుకుని పనిచేస్తుంది. అక్కడి జన్యువులో ఒక్క అక్షరం మారితే మందుకు పట్టు దొరకదు, డోసు పెంచినా ప్రయోజనం ఉండదు. జలుబుకూ దగ్గుకూ మందుల షాపులో అడిగి తెచ్చుకునే అజిత్రోమైసిన్ కూడా ఇదే కుటుంబానికి చెందినది కనుక, అనవసరంగా మింగిన ప్రతి స్ట్రిప్పూ కడుపులోని మొండి బ్యాక్టీరియాకే మేలు చేస్తుంది. క్లారిత్రోమైసిన్‌కు లొంగని బ్యాక్టీరియా 15 శాతం దాటిన ప్రాంతాల్లో పరీక్ష చేయకుండా ఈ కోర్సు ఇవ్వవద్దని నిపుణులు చెబుతున్నారు. క్లారిత్రోమైసిన్‌కు లొంగని ఈ బ్యాక్టీరియాను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 2017 నాటి ప్రమాదకర నిరోధక బ్యాక్టీరియాల జాబితాలో చేర్చింది.

విరేచనాలకు ఏళ్ల తరబడి వాడినందువల్ల మన దేశంలో మెట్రోనిడజోల్‌కు నిరోధకత ఇంకా ఎక్కువే. అయితే బిస్మత్ తోడుగా, తగినంత డోసులో, 14 రోజులూ వాడితే ఆ నిరోధకతను చాలావరకు అధిగమించవచ్చు. టెట్రాసైక్లిన్‌కు లొంగనివి అరుదు. అందువల్ల గతంలో క్లారిత్రోమైసిన్ కుటుంబపు యాంటీబయాటిక్‌లు వాడినవారికి, అంటే మనలో చాలామందికి, నాలుగు మందుల కోర్సే మేలని నా అభిప్రాయం. గర్భిణులకు, ఎనిమిదేళ్లలోపు పిల్లలకు మాత్రం టెట్రాసైక్లిన్ ఇవ్వరు.

కావలిలో ఉండే మా పెదనాన్న మూడు మందుల కోర్సు పూర్తిచేసినా బ్యాక్టీరియా పోలేదు. రెండోసారి నాలుగు మందులు రాశారు. టెట్రాసైక్లిన్ అక్కడ దొరకక నెల్లూరు నుంచి తెప్పించాము. పాలలోని కాల్షియం ఆ మందును ఒంటికి పట్టనివ్వదు గనుక ఉదయపు కాఫీని రెండు గంటలు వెనక్కి జరిపి, వేసుకున్న ప్రతి డోసుకూ క్యాలెండరుపై ఒక గీత గీసేవారు. మూడో రోజు విరేచనం నల్లగా కావడంతో రక్తం పోతోందని హడలిపోయి మందులు ఆపబోయారు. అది బిస్మత్ రంగేనని ముందే ఎవరూ చెప్పకపోవడం పెద్ద లోపం.

కోర్సు ముగిసిన నాలుగు వారాలకు యూరియా శ్వాస పరీక్ష చేయించాలి. అంతకుముందు రెండు వారాలు ఆమ్లం మాత్ర మానకపోతే ఉన్న బ్యాక్టీరియా కూడా లేనట్లు కనబడవచ్చు. ఈసారి ఫలితం నెగెటివ్ వచ్చింది గానీ, ఆ రెండు వారాలు మాత్ర లేకుండా ఉండమన్నందుకు పెదనాన్న నాలుగు మందులకంటే ఎక్కువ గొణిగారు.